పళ్ళ పిన్ని ఆదివారం

మా అత్తయ్యను పని చేసే చోట అందరూ పళ్ళ పిన్ని అంటారు. తెలియనివాళ్ళు విని, బండి మీద పళ్ళు అమ్ముకుంటుందేమో అనుకుంటారు. ఒకాయన ఓసారి డజను ఎంతని కూడా అడిగాడు. "పై వరుస పద్నాలుగు, కింది వరుస పద్నాలుగు, డజన్ల లెక్క మా దగ్గర లేదండీ" అందట ఆవిడ, నవ్వకుండా. ఆవిడ చేసేవి కట్టుడు పళ్ళు.

పంటి డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే దాన్ని బట్టి పళ్ళ సెట్టు తయారు చేసి ఇచ్చే చిన్న ల్యాబు మేం పని చేసేది. మూడు గదులు. మొదటి గదిలో సుద్ద కలిపి అచ్చులు పోస్తారు. అక్కడికి ఓసారి వెళ్ళొస్తే పాతికేళ్ళవాళ్ళకైనా తల నెరిసిపోతుంది. రెండో గది అత్తయ్యది. అక్కడ స్పిరిట్ దీపం, మైనం, మైనం కత్తి. సుద్ద అచ్చు మీద మైనం చిగుళ్ళు కట్టి అందులో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతుంది. మూడో గదిలో వాటిని ఉడకబెట్టి గట్టిపరిచే తొట్టి, పాలిష్ పట్టే చక్రాలు. వీధి వైపు వసారాలో ఒక బల్ల, రెండు ఫోన్లు, ఒక్కో కేసు వివరాలు రాసే కార్డుల పెట్టె, నేను.

అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో ఉండటమే కష్టం, ఒకే ల్యాబులో కూడానా అని అందరూ నా మీద జాలిపడతారు. అత్తలేని కోడలుత్తమురాలని ఊరికే అనలేదు. పెళ్ళయిన కొత్తలో నేనూ నా మీద జాలిపడేదాన్ని. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆవిడకు కోపం వచ్చినా కనబడదు. కసురుకుంటే తిరిగి కసిరే మనిషితో వేగొచ్చు గాని, కసురుకుంటే "అన్నం తిన్నావా అమ్మాయ్?" అనే మనిషితో ఎలా వేగడం?

మా మామగారు పోయేనాటికి మా ఆయనకు ఎనిమిదేళ్ళు. ఆవిడ ఈ ల్యాబులో సుద్ద గిన్నెలు కడిగే పనికి చేరింది. పని అడగడానికి వచ్చిన రోజునే యజమానితో ఒక్క మాట చెప్పిందట: "ఆదివారం రానండీ." యజమానిని మేం సారు అంటాం. సారుకు దేవుడి మీద నమ్మకం లేదు, మనుషుల మీద అంతకంటే లేదు, గోడ గడియారం మీద మాత్రం ఉంది. "పోనీ మధ్యాహ్నం నుంచి?" అన్నాడట. "మధ్యాహ్నం కూడా రాను. ఆరు రోజులూ మీ మాట వింటాను. ఏడో రోజు ఇంకొకరి మాట వినాలి." గిన్నెలు కడిగే మనిషికి ఇంత పట్టుదలా అని ఆయనకు నవ్వొచ్చి, సరే అన్నాడు. ఆ మనిషే గిన్నెలు కడుగుతూ పక్కవాళ్ళ చేతులు చూసి మైనం పని నేర్చుకుని, ఆరేళ్ళు తిరిగేసరికి ల్యాబుకు ప్రాణమై కూర్చుంది. అప్పుడు సారుకు ఆ మాట గొంతులో ముల్లయింది. పని ముంచుకొచ్చినప్పుడల్లా ఆదివారం ప్రస్తావన తెస్తాడు. ఆవిడ శనివారం ఇంకో గంట ఎక్కువ కూర్చుంటుంది. ఆదివారం మాత్రం రాదు. ఇరవయ్యారేళ్ళుగా ఇదే వరస.

ఆదివారం పొద్దున ఆవిడ చర్చికి వెళుతుంది. నేను వెళ్ళను. మా నాన్న దర్జీ. మా ఇంట్లో దేవుడి మాటెత్తితే "ముందు ఆ కాజా కుట్టవే" అనేవాడు. ఆ పెంపకం నాది. రమ్మని అత్తయ్య ఎప్పుడూ అడగలేదు. మొదట్లో అడిగితే రానని గట్టిగా చెబుదామని మాటలు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. తొమ్మిదేళ్ళయినా అడగలేదు, నా మాటలన్నీ వృథాగా పోయాయి.

ల్యాబులో కూడా ఆవిడ ఎవరికీ బోధ చేయదు. తయారైన సెట్టును డబ్బాలో పెట్టి మూత వేసే ముందు దాని మీద ఓ క్షణం చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటుంది, అంతే. ఏమని ప్రార్థిస్తారని ఒకసారి అడిగాను. "ఈ నోరు బాగా తినాలి, బాగా మాట్లాడాలి, ఎవర్నీ కరవకూడదు" అంది. పాలిష్ పట్టే బాబాయి ఆవిడను ఆటపట్టిస్తూ ఉంటాడు. "పిన్నీ, పళ్ళు మనం పెడుతుంటే దండం ఆయనకెందుకు?" అంటాడు. "చిగుళ్ళు ఆయనవి కదా బాబాయ్" అంటుంది.

ఒక్క విషయంలోనే ఆవిడతో సారుకు చిక్కు. ఆవిడ అబద్ధం ఆడదు. మా పని ఎలాంటిదంటే, అడిగిన రోజుకు ఏ సెట్టూ తయారవదు. డాక్టర్లు ఫోను చేస్తారు. సుద్ద ఇంకా ఆరకపోయినా "బండి బయల్దేరిందండీ" అనాలి. అత్తయ్య ఫోనెత్తితే "ఇంకా మొదలుపెట్టలేదండీ, రేపు మధ్యాహ్నం ఇస్తాం" అనేది. సారు తల పట్టుకుని ఫోను ఆవిడ దగ్గర్నుంచి తీసేశాడు. ఆ పనికి సరైన మనిషి కోసం వెతుకుతుంటే మా ఆయన నా పేరు చెప్పాడు. కట్టుకున్నవాడికి నా మీద ఎంత గౌరవమో చూడండి. అయితే మాట తప్పు కాదు. నాకు ఆ విద్యలో చెయ్యి తిరిగింది. మా బండి రోజుకు పదిసార్లు బయల్దేరేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అత్తయ్య ఇరవయ్యారేళ్ళ ఆదివారాన్ని నేను పోగొట్టబోయాను కనక.

ఆ రోజు నా ఒక చెవికి ఒక ఫోను, రెండో చెవికి రెండోది. ఒకదాంట్లో ఒక డాక్టరుగారికి బండి బయల్దేరిందని చెబుతున్నాను. రెండోదాంట్లో మాకు తరచు పని పంపే డాక్టరమ్మ. "ఈ కేసుకి పై వరుస మొత్తం చెయ్యాలి. ఆవిడ బస్టాండులో మైకులో ప్రకటనలు చెప్తుంది. అందం కంటే మాట ముఖ్యం. ముందు పళ్ళు బయటికి పెట్టొద్దని పిన్నిగారికి చెప్పండి, కార్డు మీద కూడా రాయండి" అంది. కార్డు చేతికి అందలేదు. ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. భోజనానికి లేచినప్పుడు అత్తయ్య చూసింది.

"అరచేతిలో ఏంటమ్మాయ్?"

"ఏం లేదు అత్తయ్యా, కార్డు మీద ఎక్కించాలి."

"ముందు ఎక్కించేసి రా, తర్వాత తిందువుగాని."

నాకు ఎవరైనా పని చెబితే ఒళ్ళు మండుతుంది, అందులోనూ ఆకలి మీద. వెళ్ళి సబ్బుతో చేతులు రుద్ది కడుక్కుని వచ్చి తినేశాను. దాంతో ఆ మాట అరచేతిలోంచీ పోయింది, బుర్రలోంచీ పోయింది.

సెట్టు బ్రహ్మాండంగా తయారైంది. ముఖం నిండుగా కనబడాలని అత్తయ్య ముందు పళ్ళు ఓ వెంట్రుకవాసి బయటికి పెట్టింది. కార్డు మీద ఏమీ లేకపోతే అలాగే పెడుతుంది, నవ్వు బాగుంటుందని. బాబాయి దాన్ని చేత్తో పట్టుకుని, "ఈ పళ్ళు పెట్టుకుంటే నాకే మళ్ళీ పెళ్ళి సంబంధాలొస్తాయి" అన్నాడు. శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి పంపాం.

శనివారం మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను చేసింది. సారు పక్కనే ఉండి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. "పళ్ళు అందంగా ఉన్నాయండీ. కానీ 'స' అంటే ఈల వస్తోంది. ముందు పళ్ళు బయటికి పెట్టొద్దని మీవాళ్ళకి ముందే చెప్పాను కదా" అంది. సారు నా వైపు తిరిగాడు.

"నాకెవరూ చెప్పలేదు సారూ" అన్నాను.

ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట. రోజూ చేసే పనే కదా. సారు నా మాట నమ్మి, కార్డు మీద ఏమీ లేదండీ, మీరే మర్చిపోయుంటారని డాక్టరమ్మతో వాదించాడు. ఆవిడ గొంతు తగ్గించి, "అయ్యుండొచ్చు. ఈ వారమంతా నా బుర్ర నా దగ్గర లేదు" అంది. తిట్టినా బాగుండేది. ఆవిడ తనను తాను అనుమానించుకోవడం విన్నాక నాకు ఫోను వైపు చూడటానికి కూడా మొహం చెల్లలేదు. అప్పుడే గమనించాను, రెండో గది గుమ్మంలో అత్తయ్య మైనం కత్తి పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఫోను దగ్గరికి వచ్చింది.

"ఆవిడకి ఎప్పటికి కావాలి డాక్టరమ్మా?"

"సోమవారం పదింటికి గొంతు పరీక్ష పిన్నిగారూ. చిగుళ్ళ జబ్బుకి ఆరు నెలలు సెలవులో ఉంది. మళ్ళీ మైకు దగ్గరికి రానివ్వాలంటే ఆఫీసరు ముందు చదివి వినిపించాలట. సరిగ్గా రాకపోతే గోదాములోకి మార్చేస్తారు, సామాన్లకి చీటీలు అంటించే పనికి. పందొమ్మిదేళ్ళుగా మైకులో చెప్తోంది పాపం. నేను సాయంత్రం ఊరెళ్ళాలి, ఆదివారం ఉండను. సోమవారం ఎనిమిదింటికి వచ్చేస్తాను."

"రేపు ఆదివారం. పిన్నిగారు రారు కదండీ" అన్నాడు సారు, కాస్త దెప్పుతున్నట్టుగానే.

"చేస్తానండీ" అంది అత్తయ్య.

పాలిష్ చక్రం ఆగిపోయింది. సుద్ద గదిలోంచి ఒకడు బయటికి తొంగి చూశాడు. "రేపేనా?" అన్నాడు సారు. "రేపు మధ్యాహ్నం" అందావిడ. ఇవాళే మైనం పళ్ళు మళ్ళీ గుచ్చుతాననీ, మాట సరిపోయిందని తేలాక రేపు ఉడకబెడతాననీ డాక్టరమ్మకు చెప్పింది. "మీరు చూసినన్ని నోళ్ళు నేను చూళ్ళేదు, కానివ్వండి" అని డాక్టరమ్మ పెట్టేసింది. సారు మొహం వెలిగిపోయింది. ఆయన ఆనందం పళ్ళ గురించి కాదని నాకు తెలుసు. ఒక ఆదివారం వస్తే రెండో ఆదివారం ఎందుకు రారని అడగొచ్చు. అత్తయ్యకు కూడా ఆ సంగతి తెలుసు. తెలిసే ఒప్పుకుంది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా కార్డులు సర్దుతూ కూర్చున్నాను.

సాయంత్రం అయిదింటికి ఆ బస్టాండు ఆవిడ వచ్చింది. బాబాయి ఆమెకు అక్కడికక్కడే మైకమ్మ అని పేరు పెట్టేశాడు, చాటుగా. యాభై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది, నోటికి చేతిరుమాలు అడ్డం. అత్తయ్య ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి కొత్తగా గుచ్చిన మైనం పళ్ళు నోట్లో అమర్చింది. ఏదైనా చెప్పమంది. ఆమె గొంతు సవరించుకుని, "ప్రయాణికులకు విజ్ఞప్తి. సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు బయలుదేరవలసిన బస్సు..." అంది. ఆ గొంతు విని నేను లేచి నిలబడ్డాను. ఎన్నేళ్ళుగా వింటున్నాను ఆ గొంతు! పురిటికి పుట్టింటికెళ్ళినా, మా నాన్న పోయినప్పుడు పరుగెత్తినా, ఏ బస్సు ఎక్కడుందో చెప్పి నన్ను పంపిన గొంతు. మొహం మాత్రం అప్పుడే చూడటం.

"బాగుందమ్మా, ఈల లేదు" అన్నాను.

"గదిలో ఉండదమ్మా" అందామె. "ఇంట్లో చదువుకున్నప్పుడు కూడా బాగానే ఉంటుంది. మైకులో చదివితే తెలుస్తుంది. అది కూడా ఖాళీ హాల్లో కాదు, జనం ఉండాలి. జనం ఉంటే గొంతు వేరేగా వినబడుతుంది. పరీక్ష అయ్యేదాకా నన్ను మైకు గది గుమ్మం కూడా తొక్కనివ్వరు." చెబుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తయ్య మైనం కత్తి తుడుచుకుంటూ ఆలోచించింది. "మా చర్చిలో మైకుంది. రేపు తొమ్మిదిన్నరకి జనం కూడా ఉంటారు. వస్తారా?"

"నేను మీ మతం కాదండీ."

"మైకుకి మతం లేదు కదమ్మా" అంది అత్తయ్య.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన "అమ్మ ఆదివారం పని చేస్తుందా? ఎవరన్నా చచ్చిపోతున్నారా?" అని ఆశ్చర్యపోయాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పైకీ కిందికీ తిరగడం తప్ప లోకం తెలియదు. "నీకెందుకు, నోరు మూసుకుని తిను" అని విరుచుకుపడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకమని తెలుస్తూనే ఉంది నాకు. మర్నాడు పొద్దున అత్తయ్య సంచి మోయడానికని చెప్పి నేను కూడా బయల్దేరాను. సంచిలో స్పిరిట్ దీపం, మైనం కత్తి, అగ్గిపెట్టె, ఆవిడ పాటల పుస్తకం.

పాస్టరుగారు చర్చి మెట్ల దగ్గరే దొరికారు. విషయం విని ఆయన గడ్డం గోక్కున్నారు. "ఆరాధనలో పళ్ళ పరీక్షా పిన్నిగారూ?"

"వారం వారం ప్రకటనలు ఎవరో ఒకరు చదవాలి కదండీ. ఇవాళ ఈవిడ చదువుతారు. మన సెక్రటరీగారు చదివితే ఎలాగూ ఎవరికీ వినబడవు."

"ఆవిడ మన సంఘం కాదేమో..."

"మంగళవారం స్త్రీల కూడిక ఉందని చెప్పడానికి బాప్తిస్మం కావాలా పాస్టరుగారూ?"

నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను. ఆయన నిజాయితీగా కాసేపు ఆలోచించి, "అక్కర్లేదులెండి" అన్నారు.

మొదటి పాట అయ్యాక మైకమ్మ మైకు ముందు నిలబడింది. చేతిలో కాగితం రెండుసార్లు మడిచి విప్పింది. కానీ నోరు తెరిచాక వేరే మనిషి. "సంఘస్థులందరికీ విజ్ఞప్తి. సోమవారం సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు..." ప్రతి 'స'కీ మైకులోంచి సన్నటి ఈల. పిల్లలు కిసుక్కున నవ్వారు. వెనక బెంచీలో అత్తయ్య లేచి గోడ పక్కకు వెళ్ళి చెవి ఒగ్గి నిలబడింది. మైకమ్మ మొహం ఎర్రబడింది, అయినా ఆగలేదు, మొత్తం చదివింది. అలవాటు కొద్దీ చివర్లో "ప్రయాణికులు తమ సామాన్లు జాగ్రత్తగా చూసుకోవలెను" అని కూడా అనేసింది. జనమంతా అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు.

రెండో పాటకు నాలుగు చరణాలు. ఆ నాలుగు చరణాల్లో పాస్టరుగారి గదిలో ఆయన బల్ల మీద అత్తయ్య దీపం వెలిగించి, కత్తి కాచి, ముందు పళ్ళు నాలుగింటినీ లోపలికి జరిపింది. ఆ వేళ్ళ వేగం నేను రోజూ చూస్తూనే ఉన్నాను గాని ఎప్పుడూ చూడలేదనిపించింది. అరవై ఏళ్ళ చేతులు, ఒక్క వణుకు లేదు. మైకమ్మ మళ్ళీ వెళ్ళింది. పాస్టరుగారు "ప్రకటనలు మరోసారి వినండి" అన్నారు, అదేదో ముందునుంచీ ఉన్న పద్ధతైనట్టు. ఈసారి 'స' కుదిరింది, 'శుక్రవారం' దగ్గర తేడా చేసింది. ప్రసంగం జరుగుతుండగా మళ్ళీ దీపం వెలిగింది. చివరి పాటకు ముందు మూడోసారి చదివింది. శనివారం, శుక్రవారం, సాయంత్రం, సంఘం, అన్నీ శుభ్రంగా, నీళ్ళలా జారుకుంటూ వచ్చాయి. ముందు వరుసలో చెవులు సరిగా వినబడని ఒక తాతగారు పక్కాయన్ని "బస్సు ఎన్నింటికట?" అని అడిగారు. ఆ వారం శుక్రవారం కూడికకు ఎన్నడూ లేనంత మంది వచ్చారట, మూడుసార్లు విన్నారు మరి.

బయటికి వచ్చాక మైకమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "సెలవు రోజు కూడా నాకోసం వచ్చావమ్మా. చల్లగా ఉండు" అంది. ఆ చేతుల్లో నా ఎడమ అరచేయి కూడా ఉంది.  జీవితంలో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

మధ్యాహ్నం ల్యాబులో మేమిద్దరమే. అచ్చు బిగించి తొట్టిలో పెట్టాం. తొందరపడి మంట పెంచితే లోపల బుడగలు వస్తాయి, నెమ్మదిగా ఉడకాలి, నెమ్మదిగా చల్లారాలి. అంతసేపూ ఆవిడ స్టూలు మీద కూర్చుని ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"అత్తయ్యా, మీ ఆదివారం పోయింది కదా, బాధగా లేదా?"

"రాత్రి ఆయన్నే అడిగాను, ఏం చెయ్యమంటావని."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆవిడ గోదాములో చీటీలు అంటిస్తూ కనబడింది నాకు. సరే అని దీపం సంచిలో పెట్టుకున్నా." తొట్టి కింద మంట తగ్గిస్తూ, "భయంగానే ఉందిలే. సారు రేపట్నుంచి ఊరుకోడు" అంది.

చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. తొట్టి మూత తీయమని ఆవిడ అంది, లేచి తీశాను. మళ్ళీ ఆ మాట లోపలికి పోయింది. పొద్దుగూకేలోగా పాలిష్ కూడా ఆవిడే పట్టింది. సెట్టు డబ్బాలో పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి, మామూలుగా క్షణం సరిపోయేది ఆ రోజు చాలాసేపు కళ్ళు మూసుకుంది.

సోమవారం పొద్దున్నే డబ్బా డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ల్యాబుకు తిరిగొచ్చి ఫోను ముందు కూర్చున్నాను. పదయింది. పదిన్నరయింది. సారు వసారాలోకి వచ్చి, అత్తయ్యను పిలిచి, నెలకు రెండు ఆదివారాలు చాలు పిన్నిగారూ, మధ్యాహ్నం పూటే, నిన్న వచ్చారు కదా, ఏం కొంప మునిగింది అని మొదలుపెట్టాడు. అత్తయ్య వింటోంది. ఏమంటుంది? వచ్చిన మాట నిజం. నిజానికి ఎదురు చెప్పడం ఆవిడకు చేతకాదు.

అప్పుడు ఫోను మోగింది.

"పాసయ్యానమ్మా!" ఫోనులో ఆ గొంతు, బస్టాండంత గొంతు. "ఆఫీసరు రెండుసార్లు చదివించాడు. పన్నెండు గంటల బస్సు నేనే చెప్తున్నా. మీ అత్తగారికి చెప్పు. ఆవిడ ఆదివారం మానుకుని మరీ..." ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, ఒక్క ఈల కూడా లేదు.

ఫోను పెట్టేశాను. లేచి నిలబడ్డాను. నా కోపం నాకు మంచి చేసిన సందర్భం నా జన్మలో అదొక్కటే.

"సారూ, నిన్న అత్తయ్య మీ పని మీద రాలేదు. నా తప్పు మీద వచ్చారు. ముందు పళ్ళ సంగతి డాక్టరమ్మ నాకు చెప్పారు. నేను కార్డు మీద రాయలేదు. మొన్న మీరడిగితే అబద్ధం చెప్పాను. నన్నేమన్నా అనండి, పనిలోంచి తీసేస్తే తీసేయండి. ఆవిడ ఆదివారం జోలికి మాత్రం వెళ్ళకండి."

 బాబాయి చక్రం ఆపేశాడు. సారు, "డాక్టరమ్మతో అనవసరంగా వాదించానన్నమాట" అన్నాడు. నా చేతే ఫోను చేయించి, నా చేతే ఆవిడకు క్షమాపణ చెప్పించి, తర్వాత తనూ చెప్పాడు. డాక్టరమ్మ "హమ్మయ్య, నా బుర్ర బాగానే ఉందన్నమాట" అని నవ్వేసింది. సారు నన్ను నెల రోజులు సుద్ద గదిలో వేశాడు. వెళుతూ వెళుతూ, అత్తయ్య వైపు చూడకుండా, "ఆదివారం సంగతి మర్చిపోండి పిన్నిగారూ" అన్నాడు.

సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికి వస్తున్నాం. నా జుట్టు నిండా సుద్ద.

"మీకు ముందే తెలుసు కదా అత్తయ్యా?"

"తెలుసు."

"మరి శనివారం సారు ముందు ఎందుకు ఊరుకున్నారు?"

"నన్నెవరూ అడగలేదుగా. అడిగితే చెప్పేదాన్ని."

"చెప్పేసేవారా? కోడలినని కూడా చూడకుండా?"

"చెప్పేసేదాన్నమ్మాయ్. అందుకే ఎవరూ అడక్కూడదని ప్రార్థన చేసుకున్నా." ఆవిడ నవ్వింది. "నా ప్రార్థనల్లో ఆయన వెంటనే విన్నది అదొక్కటే."

నాకు నవ్వు రాలేదు. "నేను ఇవాళ కూడా చెప్పకపోయి ఉంటే?"

"చెప్పకపోతే ఏముంది? అప్పుడూ నువ్వు నా కోడలివే."

చెప్పు పట్టీ ఊడిందని అబద్ధమాడి రోడ్డు పక్కన వంగి కూర్చున్నాను. ఆవిడ నా సంచి కూడా తీసి తన భుజానికి తగిలించుకుంది. ఒక మనిషి నా తప్పును చూసి, దాచకుండా, చాటకుండా, దాని బరువు తన ఆదివారం మీద వేసుకుని మోసింది. నేను మారతానని లెక్కేసుకుని కూడా కాదు. అలాంటి మనిషి ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ఉంటూ, నా మీద నేనే జాలిపడుతూ గడిపాను. కళ్ళు తుడుచుకుని లేచాను.

"థాంక్స్ అత్తయ్యా" అన్నాను. ఆ మాట ఆవిడతో అనడం అదే మొదటిసారి.

ఇప్పుడు పైకి వేలు చూపించి, నాకు కాదు అక్కడ చెప్పుకో అంటుందనుకున్నాను. అలా అంటే ఏమనాలో నాకు తెలియదు. దేవుడి సంగతి నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆవిడ వేలు చూపించలేదు. నా జుట్టులోని సుద్ద దులిపింది.

"సరేలే, ఇద్దరి తరఫునా నేను చెప్పేస్తాలే" అంది.

"చెప్పండి" అన్నాను. ఆ మాట నేను నిజంగానే అన్నాను.